యోహానుల గుమ్మాలకు ఆకుల దండ

సిస్టర్ పోయారన్న కబురు నాకు చెప్పింది సుగుణమ్మ అక్కే. పొద్దున్న ఎనిమిదింటికి వార్డులో బీపీలు చూసుకుంటుంటే ఫోన్ చేసింది. "పోయిందే పిల్లా, మన సిస్టర్ పోయింది. డ్యూటీకి రాలేదని వార్డెన్ వెళ్ళి తలుపు తీస్తే కుర్చీలోనే ఉందంట. బూట్లు కూడా వేసేసుకుందంట. గుండెపోటంటున్నారు. ఎంత మంచి మనిషే తల్లీ!" అని ఒకటే ఏడుపు. ఆ 'మన' అన్న మాట చెవిన పడగానే నాకు ఒళ్ళు మండిపోయింది. నిజం చెప్తున్నాను, ముందు నాకు దుఃఖం రాలేదు, కోపం వచ్చింది. దుఃఖం మధ్యాహ్నం ఎప్పుడో, క్యాంటీన్‌లో పెరుగన్నం కలుపుకుంటుంటే వచ్చింది.

ఆ శుక్రవారమే సంతాప ప్రార్థన పెట్టారు. పెట్టింది కూడా సుగుణమ్మ అక్కే. ముందురోజు మా తలుపు కొట్టి, "నీ చేతిరాత ముత్యాల్లా ఉంటుంది కదే, సిస్టర్ గురించి రెండు మంచి మాటలు రాసిపెట్టు. ఫోటో పక్కన పెడదాం" అంది. రాస్తానన్నాను. రాయలేదు. ఇదిగో, ఇప్పుడు రాస్తున్నాను. రెండు మాటల్లో అయ్యేది కాదు. అన్నీ మంచివీ కావు. ముప్పై ఏళ్ళు పురుళ్ళు పోసిన మనిషిని లేబర్ రూమ్‌లోంచి ఎవరు పంపించేశారో, దానికి పెట్టిన ఉత్తరం ఎవరి చేత్తో రాశారో కూడా రాస్తాను. అది దాచి ఆవిడ మంచితనం గురించి రాసే హక్కు నాకు లేదు.

నేను గల్ఫ్‌లో ఈ అల్ ఐన్ ఊరికి వచ్చింది 2002లో. పాలకొల్లు దగ్గర పల్లెటూరు మాది. నర్సింగ్ చదివి, ఏజెంటు చుట్టూ తిరిగి, ఎలాగో వచ్చి పడ్డాను. లేబర్ రూమ్‌లో వేశారు. అక్కడ ఇన్‌ఛార్జి సిస్టర్ లిథువేనియా ఆవిడ. ఆ దేశం ఎక్కడుందో నాకప్పుడు తెలీదు, రష్యా పక్కనెక్కడో అనుకున్నాను. అలా అన్నానని మొదటి రోజే తిట్టు తిన్నాను. "రష్యా పక్కన ఉండటం మా తప్పు కాదు" అని గోడ మీద పటంలో వేలు పెట్టి చూపించారు. పొడుగ్గా, బలంగా, నెరిసిన జుట్టు రెండు జడలుగా అల్లి తల చుట్టూ చుట్టుకుని ఉండేవారు. పేరుతో ఎవరం పిలవలేదు. ఆవిడ ఒక్కరే మాకు సిస్టర్, మిగతా అందరం పేర్లున్న నర్సులం.

ఎవరి పొట్ట మీదైనా చెయ్యి వేసే ముందు రెండు అరచేతులూ గట్టిగా రుద్దుకుని వేడి చేసుకునేవారు. ఎంత తొందరలో ఉన్నా సరే, అది మానేవారు కాదు. "చల్లటి చెయ్యి వేస్తే లోపలున్న బిడ్డ మనల్ని నమ్మదు" అనేవారు. నొప్పులు పడే మనిషి ఎదురుగా ఉంటే కుర్చీలో కూర్చునేవారు కాదు. డాక్టర్లు కూర్చుంటే వాళ్ళనీ లేపేవారు. తెలుగు మనిషి పురిటికి వస్తే అవసరమని నా దగ్గర రెండు ముక్కలు నేర్చుకున్నారు. "తొయ్యమ్మా తొయ్యి" అని ఆవిడ అంటుంటే నొప్పుల్లో ఉన్న మనిషికి కూడా నవ్వొచ్చేది. బిడ్డ బయటపడ్డాక, అయిపోయిందని అరబ్బీలో "ఖలాస్!" అని పెద్దగా అరిచేవారు. నేను రాసే కేసు కాగితాలు చూసి ఒకసారి, "ఈ వార్డు మొత్తంలో నేను కళ్ళజోడు లేకుండా చదవగలిగేది నీ రాతొక్కటే" అన్నారు. ఆ మాటకి ఆ రోజంతా నా కాళ్ళు నేల మీద నిలవలేదు. ఆ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

మరుసటి ఏడు మా ఆయన డ్రైవర్ వీసా మీద వచ్చాక మాకు ఫ్యామిలీ క్వార్టర్స్‌లో రెండో అంతస్తులో ఇల్లు ఇచ్చారు. సిస్టర్ అదే బిల్డింగులో కింద, ఒక్క గదిలో ఉండేవారు. జూన్ నెల. ఒకరోజు సాయంత్రం డ్యూటీ దిగి వస్తుంటే నన్ను ఆపి, "ఇక్కడ ఆకులు ఎక్కడ దొరుకుతాయి?" అనడిగారు. ఏ ఆకులు అంటే తొమ్మిది రకాలు కావాలి, ఏవైనా సరే అన్నారు.

క్వార్టర్స్ వెనకే ఖర్జూరం తోట. దాన్ని చూసుకునేది కడప జిల్లా ఖాదర్ భాయ్. తోట మధ్యలో ఊటనీళ్ళు పారే సన్నటి కాలవ ఉంటుంది, ఇక్కడ దాన్ని ఫలజ్ అంటారు. దాని గట్టున భాయ్ సొంతానికి నాలుగు మొక్కలు వేసుకున్నాడు. తెల్లావిడ వంగి ఒంటెలకు వేసే గడ్డి కోస్తుంటే ఆయన పరుగెత్తుకొచ్చాడు.

"ఏందమ్మా ఈయమ్మ గడ్డి కోసుకుంటాండాది? మేకలుండాయా ఏమి ఇంట్లో?"

పండగట భాయ్, దండ కట్టాలట అన్నాను. "పండగా! అట్ల సెప్పరాదా" అని ఆయనే కొడవలి తెచ్చి ముందు నడిచాడు. తులసి, పుదీనా, గోరింట, నిమ్మాకు, మల్లెతీగ, మునగ, వేప, దానిమ్మ, ఆ ఒంటెల గడ్డి. తొమ్మిదయ్యాయి. ఖర్జూరం మట్టని వంచి చక్రంలా చేసి, దాని చుట్టూ ఇవన్నీ పెట్టి, ఎర్ర చారల పట్టీతో కట్టారు. ఆ పట్టీ వాళ్ళమ్మ మగ్గం మీద నేసిందట. మూరెడు ముక్క కత్తిరించేటప్పుడు మాత్రం కాసేపు కత్తెర పట్టుకుని ఆగారు.

గట్టు మీద కూర్చుని చెప్పారు. ఏడాదిలో అన్నిటికంటే చిన్న రాత్రి అదేనట. వాళ్ళ ఊళ్ళో ఆ రాత్రి ఎవరూ పడుకోరట. దిబ్బ మీద పెద్ద మంట వేసి, దాన్ని తెల్లారేదాకా ఆరనివ్వరట. జంటలు చేతులు పట్టుకుని మంట మీంచి దూకుతారట, చెయ్యి వదలకపోతే ఆ ఏడు పెళ్ళి. ఆడపిల్లలు దండల్లో కొవ్వొత్తి పెట్టి ఏట్లో వదులుతారట. అడవిలో ఒక మొక్క ఉందట, అది ఆ ఒక్క రాత్రే పూస్తుందట, ఆ పువ్వు దొరికినవాళ్ళకి దాచిన సంగతులన్నీ తెలిసిపోతాయట.

"మీకు దొరికిందా సిస్టర్?"

"అది పువ్వు పూసే మొక్కే కాదు. ఎవరికీ దొరకదు. పువ్వు కోసమని వెళ్ళి ఇంకేవో కుదుర్చుకుని వస్తారు" అని పకపకా నవ్వారు.

మంట లేకుండా పండగేంటని, ఆసుపత్రి స్టీలు ట్రేలో ఒక కొవ్వొత్తి వెలిగించారు. నలభై ఎనిమిది డిగ్రీల ఎండలో మాడి వచ్చాం, మళ్ళీ మంటేంటి సిస్టర్ అంటే వినలేదు. ఆ వయసులో, ఆ ఒంటితో, కొవ్వొత్తి మీంచి దూకారు. నన్నూ దూకమన్నారు. చుడీదారు ఎత్తిపట్టుకుని నేనూ దూకాను. ఖాదర్ భాయ్ మాత్రం దూకలేదు గానీ, నవ్వీ నవ్వీ కాలవలో కాలు జారాడు.

అప్పుడే మా ఆయన పేరు అడిగారు. యోహాను అన్నాను. బైబిల్లో యోహానే కదా అని మళ్ళీ అడిగి మరీ ఖాయం చేసుకున్నారు. ఆవిడ ముఖం చూడాలి అప్పుడు! మర్నాడు బాప్తిస్మమిచ్చిన యోహాను పండగట. ఆ పేరున్న ప్రతివాడి గుమ్మానికీ తెల్లారేసరికి ఆకుల దండ కట్టి ఉండాలట, అది చాలా పెద్ద మర్యాదట. ఆ పేరుగలవాడు తలుపు తీసి, దండ చూసి, కట్టినవాళ్ళకి తినడానికీ తాగడానికీ పెట్టాలట. మరి మంట, పువ్వు, ఇవన్నీ బైబిల్లో లేవు కదా సిస్టర్ అన్నాను. "పండగ యోహాను కంటే ముందునుంచీ ఉంది. ఆయన తర్వాత వచ్చి చేరాడు. ఆయనకేం అభ్యంతరం లేదు" అన్నారు.

పొద్దున్నే మా ఆయన లుంగీతో తలుపు తీసి "అయ్యబాబోయ్" అని వెనక్కొచ్చాడు. గుమ్మానికి దండ. మెట్ల మీద సిస్టర్, ఒళ్ళో ప్లేటు, దానిలో జున్నులాంటి చీజ్ ముక్కలు. అప్పటికే పక్క పార్కులో గడ్డి మీద చేతులు రాసి ముఖం కడుక్కొచ్చారు. ఆ పొద్దుటి మంచుతో కడుక్కుంటే ముఖం ఏడాదంతా బావుంటుందట. మంచెక్కడిది సిస్టర్, అది స్ప్రింక్లర్ నీళ్ళు అంటే "గడ్డి తడిగా ఉందా లేదా?" అన్నారు. మా ఆయన చొక్కా వేసుకొచ్చి, పాలు లేకుండా నిమ్మకాయ పిండిన టీ, మా అమ్మ పంపిన జంతికలు ఇచ్చాడు. ఆవిడ లేచి నిలబడి ఆయనతో కరచాలనం చేసి, పేరు నిలబెట్టుకోమని దీవించారు. మనిషి ఎంత పొంగిపోయాడో! ఊళ్ళో ఆ పేరుతో ఆయన్ని 'ఒరే యోనా' అనేవాళ్ళే గానీ మర్యాద చేసినవాళ్ళు లేరు.

దండని ఏడాది పొడుగునా ఇంట్లో ఉంచుకుని, మళ్ళీ పండక్కి ఆ మంటలో వేసి కాల్చాలి. అది ఆనవాయితీ. 2004లో పాతది ట్రేలో కాల్చి కొత్తది కట్టారు. అప్పటికి మాకు నాలుగు నెలల పాప. దాని పురుడు పోసింది ఆవిడే, సెలవు రోజైనా వచ్చి. నా పొట్ట మీద వేసిన ఆ వెచ్చటి చేతుల్ని నేను మర్చిపోతే నాకు పుట్టగతులుండవు.

మర్చిపోయాను. అదీ నేను చెప్పాల్సింది.

మా ఎదురు తలుపు సుగుణమ్మ అక్కది. మా అందరికంటే సీనియర్ నర్సు. ప్రతి శుక్రవారం వాళ్ళింట్లో తెలుగువాళ్ళ ప్రార్థన కూటం. అక్క చెడ్డదని నేను చెప్పను. నేను వచ్చిన కొత్తలో నెలరోజులు వాళ్ళింటి అన్నమే తిన్నాను. జ్వరమొస్తే చారు కాచి తెచ్చేది. అందుకే ఆవిడ ముందు నా నోరు లేవలేదు. తిన్న అన్నం నోటికి తాళం వేస్తుందని అప్పుడే తెలిసింది.

2005 జూన్‌లో కాలవ గట్టున దండ కడుతూ నేనే అన్నాను, నా నోరు పడిపోను: "సిస్టర్, మా ఎదురింటాయన కూడా యోహానే. జాన్ ప్రసాద్." సిస్టర్ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టారు. "ఒకే మెట్ల మీద ఇద్దరా! నాకు చెప్పవేం ఇన్నాళ్ళూ?" అని మళ్ళీ ఖాదర్ భాయ్‌ని పిలిచి రెండో దండకి ఆకులు కోయించారు. వాళ్ళమ్మ నేసిన పట్టీ ఇంకో మూరెడు తెగింది. ఒక్క మాట, అక్కతో ముందే ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. రేపు పొద్దున్న వాళ్ళు ఆశ్చర్యపోతారు కదా అని ఊరుకున్నాను.

ఆశ్చర్యమే పోయారు. తెల్లారి ఆ అరుపుకి మా పాప ఉలిక్కిపడి లేచింది.

"చేతబడి! చేతబడి! యేసయ్యా! నిమ్మాకు, ఎర్రతాడు, గుమ్మానికి! తులసి కూడా పెట్టిందే ఇందులో! ఎవరే కట్టింది? ఎవరి కడుపు మంటే ఇది?"

తలుపుకున్న కన్నంలోంచి చూశాను. అక్క నైటీలో ఉంది, జుట్టు విరబోసుకుని, చీపురు కర్రతో దండని కొడుతోంది. చేత్తో ముట్టుకోవడానికి భయం. పై మెట్ల మీద సిస్టర్ చీజ్ ప్లేటు పట్టుకుని నిలబడి ఉన్నారు. నవ్వు ఇంకా ముఖం మీంచి పూర్తిగా పోలేదు. "పండగ, ఇది పండగ, యోహాను పండగ" అని ఇంగ్లీషులో చెప్తూనే ఉన్నారు. అక్కకి వినపడితే కదా. పై అంతస్తు తలుపులు తెరుచుకుంటున్న చప్పుడు. జనం దిగుతున్నారు. సరిగ్గా అలాంటి దండే మా తలుపుకీ ఉంది. ఇంకో నిమిషంలో అందరూ చూస్తారు.

నేను బయటికి వెళ్ళి "అక్కా, ఇది నేనూ కలిసి కట్టిందే, వీళ్ళ దేశంలో మర్యాద" అనొచ్చు. పది మాటలు కూడా కావు. నేనేం చేశానో చెప్తాను. తలుపు బెత్తెడు తెరిచి, చెయ్యి ఒక్కటే బయటపెట్టి, మేకుకున్న దండని లాగేసి, తలుపు మూసేశాను.

సిస్టర్ సరిగ్గా ఎదురుగా ఉన్నారు. ఆవిడకి నా ముఖం కనపడలేదు, చెయ్యి కనపడింది. మూడేళ్ళు పక్కన నిలబెట్టుకుని పని నేర్పిన చెయ్యి, ఆవిడకి తెలీదా?

దండని వాషింగ్ మెషిన్ వెనక తోశాను. మా ఆయన చూస్తూ నిలబడ్డాడు. "టీ పెట్టనా ఆవిడకి?" అన్నాడు, పాపం ఏం అర్థం కాక. నోర్మూసుకోమన్నాను. రెండు రోజులాగి దండని నల్ల కవర్లో చుట్టి, నాకు అలవాటైన మెలిక ముడి వేసి, కింద చెత్త గదిలో పడేసొచ్చాను.

అక్కడితో అయిపోయినా బావుండేది. ఆ వారంలోనే జాన్ ప్రసాద్ గారు బాత్రూమ్‌లో జారిపడి నడుం పట్టేసింది. సబ్బు మీద కాలేసి జారాడాయన. సబ్బు మీద ఎవరూ పిటిషన్ పెట్టలేదు. "చూశారా? చూశారా?" అని అక్క ప్రార్థన కూటంలో సాక్ష్యం చెప్పింది. పసిపిల్లలు పుట్టేచోట ఇలాంటి మనిషి ఉండకూడదని తేల్చారు. ఈ దేశంలో మంత్రాలూ తంత్రాలూ అన్న మాట పైకి వెళ్తే ఏమవుతుందో అందరికీ తెలుసు. జైలు దాకా పోతుంది. అది తెలిసీ ఉత్తరం పెడదామన్నారు. "నీ రాత బావుంటుంది, నువ్వు రాయవే" అంది అక్క. నా ముందు కాగితం పెట్టింది, పెన్ను పెట్టింది, పక్కన టీ కూడా పెట్టింది.

రాశాను. ఆవిడ చెప్పింది చెప్పినట్టు, ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను. ఎవరి గుమ్మానికి ఎవరు దండ కట్టారో తెలిసిన ఒక్కగానొక్క మనిషిని నేను. నా తలుపు సంగతి రాయలేదు. కింద సంతకం కూడా పెట్టాను. భయపడ్డానంటే భయపడ్డాను. ఉద్యోగం, వీసా, పాప, ఎదురింటి అన్నం, అన్నీ కళ్ళముందు తిరిగాయి. ఇప్పుడు చెప్తుంటే ఆ చెయ్యి నరుక్కోవాలనిపిస్తోంది.

పై ఆఫీసువాళ్ళు పోలీసుల దాకా పోనివ్వలేదు. సిస్టర్‌ని పిలిచి ఉత్తరం చూపించి, 'సిబ్బంది మనోభావాలు' అని ఏదో చెప్పి, లేబర్ రూమ్‌లోంచి తీసి బేస్‌మెంట్‌లో వేశారు. ఆపరేషన్ సామాను ఆవిరిలో ఉడికించి, గుడ్డల్లో మూటలు కట్టి పైకి పంపే చోటది. కిటికీ లేదు. ఎన్ని వందల మంది పిల్లల్ని భూమ్మీదికి తెచ్చిన మనిషి కత్తెరలు, పటకార్లు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నారు. మూడేళ్ళు. లేబర్ రూమ్‌కి వచ్చే మూటల్లో ఆవిడ కట్టినవి నాకు ఇట్టే తెలిసిపోయేవి. గుడ్డ నాలుగు మూలలూ లోపలికి మడిచి, విప్పేటప్పుడు ఒక్క లాగుకి వచ్చేట్టు ఒక మూల మాత్రం బయటికి వదిలేవారు. పురిటి సమయంలో తడుముకోకూడదు కదా. ఆ మూల పట్టుకుని లాగిన ప్రతిసారీ నాకు చెంప మీద కొట్టినట్టుండేది.

ఉత్తరం వెళ్ళిన రెండు వారాలకు ఆసుపత్రి లిఫ్ట్‌లో ఇద్దరమే పడ్డాం. తప్పించుకోవడానికి లేదు. పాప బాగుందా అన్నారు. బాగుంది సిస్టర్ అన్నాను. నేను దిగాల్సిన లేబర్ రూమ్ అంతస్తు వచ్చింది. తలుపు తెరుచుకుంటుంటే, నా వంక చూడకుండా అన్నారు:

"నీ రాత ఇంకా చాలా అందంగా ఉంది. కళ్ళజోడు అవసరం లేకపోయింది."

అంతే. ఆవిడ నన్ను అన్న మాట ఆ ఒక్కటే. ఎందుకు తిట్టలేదు సిస్టర్? డాక్టర్లనే లేపి నిలబెట్టినవారు, నన్ను ఆ లిఫ్ట్‌లోనే పట్టుకుని లాగి ఒక్కటి ఇవ్వాల్సింది. నాలుగు చెంపదెబ్బలు తిని ఉంటే ఈపాటికి మానేవి. మీ మీద కూడా నాకు కోపంగానే ఉంది. చచ్చిపోయి నాకు జవాబు చెప్పుకునే దారి కూడా లేకుండా చేశారు.

2006లో జూన్ వచ్చేసరికి ఖాదర్ భాయ్ దారిలో ఆపాడు. "ఆయమ్మ ఈయేడు రాలేదేమి? గడ్డి కోయకుండా ఇడిసిపెట్టినా గదమ్మా" అన్నాడు. ఒంట్లో బాగాలేదని అబద్ధం చెప్పాను. ఆయన తర్వాతి ఏడు కూడా అడిగాడు. ఆ తర్వాత మానేశాడు.

ఇక మొన్నటి శుక్రవారం. హాల్లో సిస్టర్ ఫోటో పెట్టి, ప్లాస్టిక్ పూలదండ వేశారు. ప్లాస్టిక్! సుగుణమ్మ అక్క మైకు పట్టుకుని, "ఆమె చేతులు దీవెన చేతులు. ఎన్ని కుటుంబాలకు ఆ చేతులు సంతోషం తెచ్చాయో" అంది. అందరూ ఆమెన్ అన్నారు. నా వల్ల కాలేదు. లేచాను.

"అక్కా, ఉత్తరం సంగతి కూడా చెప్పండి."

"ఏ ఉత్తరమే?"

"మీరు చెప్తే నేను రాసింది. చేతబడి అని."

అక్క ముఖంలోకి చూస్తున్నాను, సిగ్గు కనపడుతుందేమోనని. కనపడలేదు. నిజంగానే కాస్త ఆలోచించింది, అప్పుడు గుర్తొచ్చింది. "అబ్బా, అదా! ఎప్పటిదో. ఇప్పుడెందుకే అవన్నీ? పోయిన మనిషి గురించి మంచే మాట్లాడుకోవాలి" అని, "కూర్చో తల్లీ, నీకు బాధ ఎక్కువైంది" అని నా భుజం తట్టింది. మర్చిపోయిందండీ. ఒక మనిషి బతుకుని బేస్‌మెంట్‌లో పడేసి, సుబ్బరంగా మర్చిపోయింది. అంతకంటే దారుణం, సంతకాలు పెట్టినవాళ్ళలో సగం మంది అక్కడే ఉన్నారు, ఒక్కరూ తలెత్తలేదు. నేను చెప్పులు వేసుకుని బయటికొచ్చేశాను.

శనివారం వార్డెన్ నన్ను పిలిచింది. శవపేటికతో పాటు సిస్టర్ సామాను వాళ్ళ దేశానికి పంపాలి, పై అంతస్తులో ఉంటావు కదా, సర్దడానికి సాయం రమ్మంది. ఉన్నదెంత? నాలుగు యూనిఫారాలు, ఒక కోటు, వాళ్ళమ్మ నేసిన పట్టీలో మిగిలిన ముక్క. బీరువా కింది అర లాగితే నల్ల కవర్. ముడి చూడగానే గుర్తుపట్టాను. అది నేను వేసిన ముడి.

విప్పాను. ఎండి, రంగుపోయి, పెళపెళలాడుతున్న మా దండ. ఖర్జూరం మట్ట, ఎర్ర చారల పట్టీ. లాగినప్పుడు మేకు పట్టుకుని చిరిగిన చోట పట్టీని సన్నటి కుట్లతో కుట్టి ఉంది, మేము పురిటి గాయాలకు వేస్తామే, అలాంటి కుట్లు. అంటే ఆవిడ చెత్త గదిలోకి వెళ్ళారు. కవర్లు వెతికారు. తీసుకొచ్చి, బాగుచేసి, మళ్ళీ నా ముడే వేసి దాచారు. పండగకి కాల్చాల్సిన దాన్ని మూడేళ్ళు కాల్చకుండా ఉంచారు. నా కోసం ఉంచారో, నా మీద కోపంతో ఉంచారో నాకు తెలీదు. ఎప్పటికీ తెలీదు. వార్డెన్ అటు తిరిగినప్పుడు దాన్ని నా బ్యాగులో పెట్టుకున్నాను. దొంగతనమే. చేసిన వాటిలో చిన్నది.

పేటిక సోమవారం వెళ్ళిపోయింది. మంగళవారం పండగ. తెల్లవారకముందే లేచి దండని మా తలుపుకి అదే మేకుకి తగిలించాను. మా ఆయన లేచొచ్చి చూశాడు. "ఎవరన్నా అడిగితే?" అన్నాడు. నా పేరు చెప్పండి అన్నాను. ఆయన వంటింట్లోకి వెళ్ళి, నిమ్మకాయ పిండిన టీ ఒక గ్లాసుడు, ప్లేటులో జంతికలు తెచ్చి, సిస్టర్ కూర్చునే మెట్టు మీద పెట్టాడు. యోహాను కదా, పెట్టాలి. ఆయనకి గుర్తుంది.

ఏడింటికి ఎదురు తలుపు తెరుచుకుంది. అక్క డ్యూటీ బట్టల్లో ఉంది. దండని చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏంటే అది?"

"యోహాను గుమ్మానికి కట్టే దండ అక్కా. మీకూ ఒకటి కట్టారు, గుర్తుందా?"

"తియ్యవే. అందరూ తిరిగే చోటు."

"తియ్యను."

నన్ను చూసింది, దండని చూసింది, మెట్టు మీద టీ గ్లాసుని చూసింది. లోపలికి వెళ్ళి తలుపేసుకుంది.

ఆనవాయితీ ప్రకారం దాన్ని కాల్చాలని నాకు తెలుసు. ఈ ఏడు కాల్చను. అది అక్కడే ఉంటుంది, ఉత్తరం మీద సంతకాలు పెట్టిన ప్రతివాళ్ళూ ఆ మెట్లెక్కేటప్పుడు చూస్తారు. మేము తలుపు తీసినప్పుడల్లా కాస్త కాస్త రాలుతోంది. ఏది తులసో ఏది వేపో తెలీకుండా అంతా ఒకే పొడి. కారిడార్ ఏసీ గాలికి ఆ పొడి నేల మీద జరుగుతూ జరుగుతూ ఎదురు గుమ్మం దాకా వెళ్ళింది. రోజూ పొద్దున్నే అది ఊడ్చేదాన్ని నేనే. ఊడవటం లేదు.